పిల్లలు తల తిప్పే గది

అశ్రితకు ఆ ల్యాబ్‌లో మొట్టమొదట అప్పజెప్పిన పని బొమ్మలు కడగడం. ఎనిమిది నెలల పిల్లల చేతికి ఏది దొరికినా నోట్లోకే పోతుంది. అందుకని ఒక పాప వెళ్లి ఇంకో బాబు వచ్చేలోగా గిలక్కాయలూ రబ్బరు బాతులూ సబ్బు నీళ్లలో కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. సైకాలజీ చదివితే ఎదుటివాడి మనసులో ఏముందో చెప్పేయొచ్చని వాళ్లింట్లో అందరి నమ్మకం. ఈ పిల్ల చూస్తే పొద్దంతా బాతులు తోముతోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రీసెర్చ్ అసిస్టెంట్‌ని అని మాత్రం చెప్పింది.

అప్పుడు ఆమె డిగ్రీ రెండో ఏడాది. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చదువు. ఒకరోజు ఫణిభూషణ్ సార్ క్లాసుకు వచ్చి, తన ల్యాబ్‌లో పనిచేయడానికి విద్యార్థులు కావాలనీ, మాటలు రాని పిల్లలకు ఏం తెలుసో కనుక్కునే పద్ధతి నేర్పుతాననీ అన్నాడు. మాటలు రానివాళ్లను ఏమని అడుగుతారు, వాళ్లేమని చెప్తారు? ఎంత ఆలోచించినా అశ్రితకు అంతు పట్టలేదు. పట్టలేదు కాబట్టే చేరింది.

వాళ్లది లాల్‌గడి మలక్‌పేట్. నాయిన మధుసూదన్ పొద్దున టమాటా చేనులో ఉంటాడు, ఎండెక్కాక ప్లాట్లు చూడటానికి వచ్చినవాళ్లను తన కారెక్కించుకుని లేఅవుట్లు తిప్పి చూపిస్తాడు. అన్న నవీన్‌కు సుచిత్ర చౌరస్తాలో బాత్‌రూం సామాను దుకాణం. వదిన పద్మలత మేడ్చల్ పిల్ల, బీకాం చదివింది. వాళ్ల కొడుకుకు నామకరణం రోజున పెద్ద పేరే పెట్టారు గానీ, ఇంట్లో అందరికీ వాడు సన్నీ. వీళ్లందరి మీదా మాట చెల్లేది అవ్వ ఇందిరమ్మకు. మధుసూదన్‌కు తల్లి ఆమె.

ఇక ఆ ల్యాబ్ గది. చిన్నది. గోడలకు మెత్తటి గుడ్డ అంటించి ఉంటుంది, బయటి చప్పుడు లోపలికి రాదు. తల్లి కుర్చీలో కూర్చుని బిడ్డను ఒళ్లో పెట్టుకుంటుంది. ఎదురుగా ఒకరు చాప మీద కూర్చుని బొమ్మ ఆడిస్తారు. ఎడమ పక్క స్పీకరు, దాని కింద నల్లద్దాల పెట్టె. స్పీకరులోంచి ఒకే మాట మళ్లీ మళ్లీ వినిపిస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి మాట మారుతుంది. మారిన వెంటనే పెట్టెలో దీపం వెలిగి, లోపల ఒక కోతిబొమ్మ డప్పు కొడుతుంది. పిల్లలకు ఆ కోతి అంటే ప్రాణం. కాసేపట్లోనే గుట్టు పట్టేస్తారు: మాట మారితే కోతి వస్తుంది. ఆ తర్వాత దీపం ఆలస్యంగా వెలిగించినా సరే, మాట మారగానే అటు తిరిగి చీకటి పెట్టె వంక చూస్తూ కోతి కోసం ఎదురుచూస్తారు. అట్లా తిరిగారంటే ఆ రెండు మాటల తేడా చెవికి అందినట్టు.

మొదటిసారి అశ్రిత అది కళ్లారా చూసినప్పుడు లోపల కూర్చున్నది సుచిత్ర అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన ఒక పాప. చేతిలో బిస్కెట్ పట్టుకుని చప్పరిస్తోంది. మాట మారింది. పాప చప్పరించడం ఆపి, మెల్లగా ఎడమ పక్కకు తిరిగి, ఇంకా వెలగని పెట్టెను చూసింది. గదిలోకి కనిపించే అద్దం వెనక నిలబడి అశ్రిత చూస్తోంది. అడిగిన ప్రశ్నకు ఆ పాప జవాబు చెప్పేసింది.

సార్ వేసిన ప్రశ్న ఏమిటంటే ఇది. ఈ చుట్టుపక్కల ఇళ్లలో మజ్జిగను ఒకరు సల్ల అంటారు, ఒకరు చల్ల అంటారు. ఒకే ఇంట్లో అవ్వ ‘సూడు’ అంటే మనవరాలు ‘చూడు’ అంటుంది. రెండూ ఒకటేనని పెద్దవాళ్లకు తెలుసు. నెలల పిల్లలు మొదట్లో అన్ని ధ్వనుల తేడాలూ పట్టుకుంటారు. ఏడాది దగ్గర పడేకొద్దీ తమ ఇంటి మాటకు పనికిరాని తేడాలను వదిలేస్తూ వస్తారు. మరి సల్లా చల్లా రెండూ వినే ఇంట్లో పెరిగే బిడ్డ ఆ తేడాను ఉంచుకుంటాడా, వదిలేస్తాడా? సార్‌ది రాజమండ్రి వైపు. ఉద్యోగానికి ఇక్కడికి వచ్చాక ఈ సంగతి చెవిన పడి, తల్లో తిరుగుతూనే ఉందట.

స్పీకరులో వినిపించడానికి రెండు రకాలుగానూ మాట్లాడే ఆడగొంతు కావాలి. అది అశ్రిత గొంతే అయింది. ఆమెకు రెండూ వచ్చు. ఇంటర్‌లో చేరిన కొత్తలో ‘సెప్తున్న’ అన్నందుకు క్లాసంతా నవ్వితే, పట్టుబట్టి ‘చెప్తున్నాను’ నేర్చుకుంది. అప్పటినుంచి గేటు దాటితే ఒక భాష, ఇంట్లో ఒక భాష. అందుకే రికార్డింగ్ గదిలో మైకు ముందు కూర్చుని ‘సల్ల’ అనమంటే నోరు పెగల్లేదు. అన్నా, సినిమాలో పల్లెటూరి వేషం వేసినవాళ్లు అన్నట్టు వస్తోంది.

సార్ హెడ్‌ఫోన్స్ తీసి, “మీ ఇంట్లో ఎవరితో మాట్లాడితే నీకు ఆ మాట దానంతటదే వస్తుందమ్మా?” అని అడిగాడు.

మా అవ్వతో, అంది అశ్రిత. అయితే ఆమెకే ఫోన్ చెయ్యి, అన్నాడాయన. అశ్రిత ఫోన్ కలిపి, మైకు పక్కనే పెట్టుకుని, ఏం వండారో, తిన్నారో లేదో అడిగింది. అవ్వకు ఈ రికార్డింగుల సంగతేమీ తెలియదు. కూర ఏం వండిందో, ఎవరెవరు తిన్నారో, ఎండ ఎట్లా మండుతోందో అన్నీ చెప్పింది. “ఎండల తిరిగొస్తున్నవ్ బిడ్డా, సల్ల తాగినవా లేదా?” అని అడిగింది. తాగలేదవ్వా, ఇక్కడ సల్ల ఏడుంటది, ఇంటికొచ్చి తాగుత సల్ల, అంది అశ్రిత. అవతలి గదిలో సార్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఫోన్ పెట్టేశాక ఆ ఊపులోనే ఆ మాటను కావలసినన్నిసార్లు అనేసింది. రికార్డు చేసింది తిరిగి వింటుంటే, ఇన్నేళ్లూ కాలేజీలో దాచిపెట్టిన గొంతు ఇంత బాగుందా అనిపించింది ఆమెకు.

ఆ తర్వాత పని నేర్పింది హర్షిత. యాప్రాల్ నుంచి వస్తుంది, ఆఖరి సంవత్సరం. బిడ్డ ముందు కూర్చుని బొమ్మ ఎట్లా ఆడించాలో ఆమె చూపించింది. బొమ్మ మరీ బాగా ఆడిస్తే బిడ్డ దాని మీది నుంచి కళ్లు తిప్పడు. బాగా ఆడించకపోతే ఊరికే అటూ ఇటూ చూస్తాడు. నడిమధ్యన ఆడించాలి. తల్లి చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి పాటలు వినిపించాలి. ఎందుకని అశ్రిత అడిగింది.

“మాట మారింది తల్లికి వినిపించిందనుకో, ఆమె కావాలని ఏమీ చేయదు. కానీ తొడ బిగుసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది, కళ్లు అటు పోతాయి. ఆ మాత్రం చాలు వీళ్లకు. మనకు జవాబు చెప్పేది బిడ్డో తల్లో తెలియకుండా పోతుంది” అంది హర్షిత.

అశ్రిత చాలా రోజులు ఆ మాటనే తలుచుకుంది. బస్సులో చంటిపిల్లలు కనిపిస్తే వాళ్లు తల్లుల ముఖం వంక ఎప్పుడెప్పుడు చూస్తున్నారో గమనించేది. కుక్క అరిస్తే పిల్లవాడు ముందు కుక్కను చూస్తాడా, తల్లిని చూస్తాడా? ఎక్కువసార్లు తల్లినే చూసేవాళ్లు.

పిల్లల్ని పోగు చేయడంలో మాత్రం ల్యాబ్‌లో ఆమెను మించినవాళ్లు లేకపోయారు. స్కూటీ వేసుకుని టీకాలు వేసే రోజుల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లేది, అంగన్‌వాడీలకు వెళ్లేది. మలక్‌పేట్ అంగన్‌వాడీ టీచర్ వజ్రమ్మ ఆమెకు చిన్నప్పటినుంచి తెలుసు కాబట్టి, తల్లుల్ని కూర్చోబెట్టి మాట్లాడించేది. అందరూ అడిగేది ఒకటే: మా పాప తెలివిగలదేనా? ఏ ఒక్క బిడ్డ గురించీ మేము చెప్పము, అందరినీ కలిపే చూస్తాము, ఇది డాక్టరు పరీక్ష కాదు అని చెప్పాలి. అట్లా చెప్పిన ప్రతిసారీ తల్లుల ముఖంలో ఉత్సాహం కొంచెం తగ్గేది. అశ్రితకు అది బాగుండేది కాదు.

సన్నీకి తొమ్మిదో నెల వచ్చింది. ఊళ్లో పిల్లలందరూ పోతున్నారు, మన పిల్లగాడు ఏం పాపం చేశాడని పద్మలత అడిగింది. అవ్వకు అది నచ్చలేదు. ఎలుకల మీద చేసినట్టు చంటిపిల్లల మీద చేస్తారా అంది. అయినా పద్మలత సన్నీకి కొత్త చొక్కా తొడిగి తీసుకొచ్చింది.

సొంత మనుషుల పిల్లలు వస్తే ఆ గదిలోకి పోకూడదని ల్యాబ్ నియమం. అందుకని హర్షిత, ఇంకో అబ్బాయి లోపలికి వెళ్లారు. అశ్రిత బయట బొమ్మలు కడుగుతూ కూర్చుంది. కాసేపటికి పద్మలత నవ్వుకుంటూ బయటికి వచ్చింది. కోతిని చూసి సన్నీ మస్తుగా నవ్వాడట. హర్షిత మాత్రం, ఇవాళ వాడికి ఆట పట్టుబడలేదు, ఇంకోసారి తీసుకురండి అంది. అందులో వింతేమీ లేదు. చాలామంది పిల్లలు మొదటిసారి ఏడుస్తారు, నిద్రపోతారు, లేదా కోతిని పట్టించుకోరు. కొన్నాళ్లకు మళ్లీ తీసుకొచ్చింది. ఈసారీ అంతే.

ఇంటికి పోతుంటే స్కూటీ వెనక కూర్చున్న పద్మలత మాటల మధ్య ఒక సంగతి చెప్పింది. దీపం వెలిగినప్పుడల్లా వాడు చూశాడు గానీ, వెలగకముందు ఒక్కసారి కూడా చూడలేదని. మొదట్లో మాట మారినప్పుడు శబ్దం గట్టిగా పెడతారని అశ్రితకు తెలుసు. చాలామంది పిల్లలు ఆ గట్టి శబ్దానికి ఉలిక్కిపడతారు కూడా.

వాడు ఉలిక్కిపడ్డాడా అని అడిగింది. నాకేం తెలుసు, నా చెవుల్లో పాటలు పెట్టిరి కదా, అంది పద్మలత. ఒళ్లో అదిరినట్టయితే లేదు, అని ఆలోచించి చెప్పింది.

సన్నీ చాలా బుద్ధిమంతుడని ఊరంతా పేరు. పెళ్లి బరాత్ ఇంటి ముందు ఆగి డీజే అదరగొట్టినా నిద్ర చెదరని పిల్లవాడు. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడు. వాడికి వినబడదని ఎవరన్నా అంటే ఇంట్లో నవ్వేవాళ్లు. అశ్రిత కూడా నవ్వేది. కానీ ఇప్పుడు ఆమెకు చూపు మారిపోయింది. ఎవరు పిలిచినా వాడు తిరుగుతున్నాడు, నిజమే. ఆ పిలిచినవాళ్ల వైపు ముందు తిరుగుతున్నది పద్మలత. ఆమె ముఖం తిరిగితే వాడి ముఖం తిరుగుతుంది. తలుపు తీస్తే వెలుతురు మారుతుంది, మంచం మీద ఎవరైనా కూర్చుంటే నులక కదులుతుంది. వాడు పడుకున్నచోటి నుంచే ఇల్లంతటినీ కనిపెట్టి ఉంటున్నాడు. ఇవన్నీ తీసేస్తే ఏమవుతుంది?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పద్మలత ఒక్కతే ముందు గదిలో ఉంది. అశ్రిత తన మనసులో ఉన్నది చెప్పింది. ఆమె కోప్పడుతుందనుకుంది. పద్మలత కాసేపు సన్నీ జుట్టు సర్ది, లోపలికి వెళ్లి నవీన్ హెడ్‌ఫోన్స్ తెచ్చి అశ్రిత చేతిలో పెట్టింది. ల్యాబ్‌లో ఎట్లా చేస్తారో అట్లానే చెయ్యమంది.

పాటలు పెట్టారు. పద్మలత కళ్లు మూసుకుంది. సన్నీని తనకు ఎదురుగా ఒళ్లో కూర్చోబెట్టుకుంది. అశ్రిత వెనక వాకిలి పరదా చాటుకు పోయి, స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టింది. పరదా సందులోంచి చూస్తే సన్నీ తిరగలేదు. కుక్కర్ మూత తీసుకొచ్చి కొట్టింది. తిరగలేదు. వాడు తల్లి ముఖం వంకే చూస్తున్నాడు. ఆ ముఖం మూసుకుపోవడం వాడికి అర్థం కావడం లేదు. చిట్టి వేళ్లతో ఆమె కనురెప్పను పట్టి పైకి లేపడానికి చూస్తున్నాడు.

ఆ క్షణంలో అశ్రితకు కలిగింది సంతోషం. తను అనుకున్నదే నిజమైంది, చిక్కుముడి విడిపోయింది అన్న సంతోషం.  మరుక్షణం, ఏం చూసి సంతోషపడ్డానో తట్టి, చేతిలో మూత కింద పెట్టేసింది.

పద్మలత కళ్లు తెరిచి హెడ్‌ఫోన్స్ తీసింది. “కొట్టినవా?”

“కొట్టిన వదినా.”

“నేను కండ్లు మూస్కున్న గదా. నేను జూడకుంటె వాడు జూడలె. అంతేనా?”

అశ్రిత తలూపింది. పద్మలత ఏడవలేదు. వాడిని భుజం మీద వేసుకుని, “నాకు శానా దినాల సంది ఒక్క అనుమానం ఉండె. అన్నం తినిపిచ్చేటప్పుడు నేను ఎన్కకు తిరిగి పిలుస్తె పలకకపోతుండె. ఆటల పడ్డడు అనుకున్న” అంది. ఇంకోసారి కొట్టు, ఈసారి నేనూ వింటూ చూస్తా, అంది.

మరునాడు అశ్రిత పొద్దున్నే సార్ గది ముందు నిలబడింది. ఆయన సాయంత్రం పద్మలతకు ఫోన్ చేయాలనుకుంటున్నాడట అప్పటికే. సన్నీ రెండోసారి వచ్చినప్పుడు తీసిన వీడియో చూశాక ఆయనకూ అదే అనుమానం వచ్చింది. మన గదిలో తేలింది వినికిడి పరీక్ష ఫలితం కాదు, మీ ఇంట్లో చేసింది అసలే కాదు, అని ముందు చెప్పాడు. తర్వాత, “కానీ ఆలస్యం చేయొద్దమ్మా. చెవుల పరీక్ష చేయించమని నేనే మీ వదినతో మాట్లాడతాను. ఇది ఆమెకు నేను చెప్పాల్సిన మాట, నీ మీద పెట్టకూడదు” అన్నాడు. సికింద్రాబాద్‌లో చిన్నపిల్లల వినికిడి పరీక్షలు చేసే తృప్తి అనే ఆమె పేరు, చిరునామా ఇచ్చాడు.

ఇంట్లో రెండు రోజులు రభస. పిల్లలు ఎప్పుడు వినాలో అప్పుడే వింటారనీ, మధుసూదన్ మూడేళ్లదాకా మాట్లాడలేదనీ, ఇప్పుడు అరెకరం పొలం మాటలతోనే అమ్ముతున్నాడనీ అవ్వ వాదించింది. మధుసూదన్ ఏడాది నిండేదాకా ఆగుదామన్నాడు. ఊళ్లో పేరు పడుతుందని ఆయన భయం. చెవిటి పిల్లగాడు అన్న మాట ఒకసారి పుడితే చచ్చేదాకా పోదన్నాడు. నవీన్ ఎవరి వైపూ మాట్లాడకుండా దుకాణానికి పొద్దున్నే వెళ్లిపోయాడు. చివరికి పద్మలత మామ ఎదుటికి వచ్చి నిలబడింది. మామూలుగా ఆయన ఎదుట గొంతు ఎత్తని మనిషి. ఇప్పుడూ ఎత్తలేదు.

“మామా, నేను రేపు పొద్దుగాల సికింద్రాబాద్ పోతున్న. కారిస్తె కార్ల పోత. లేకుంటె బస్సుల పోత.”

మధుసూదనే కారు నడిపాడు.  నవీన్ సుచిత్రలో దుకాణం తాళం వేసి నేరుగా అక్కడికే వచ్చాడు.

సన్నీ నిద్రపోతుండగా తలకు సన్నటి తీగలు అంటించి పరీక్ష చేశారు. తృప్తి ముప్పయ్యేళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. రెండు చెవుల్లోనూ వినికిడి బాగా తక్కువగా ఉందని చెప్పింది. అసలే లేకుండా పోలేదు. దగ్గరగా గట్టిగా అరిస్తే కొంత అందుతుంది. మామూలు మాట అందదు. పుట్టినప్పటినుంచే అట్లా ఉండి ఉంటుందని, ఇంత చిన్న వయసులో పట్టుకోవడం మంచిదైందని అంది. మధుసూదన్ గోడకు ఆనుకుని నిలబడి, చెవికి మిషన్ పెడితే మాటలు వస్తాయా అని అడిగాడు. వస్తాయని మాట ఇవ్వను, కానీ వచ్చే దారి అదే, అంది తృప్తి.

అశ్రిత మాత్రం తన ప్రశ్న ఆపుకోలేకపోయింది. వాడికి ఏ ధ్వనులు అందుతాయి, ఏవి అందవు అని అడిగింది. తృప్తి కాగితం మీద గీసి చూపించింది. డప్పు, లారీ హారను లాంటివి ఒక పక్క. ‘స’ లాంటి సన్నని ధ్వనులు అన్నిటికంటే చివర. ‘స’ అన్నది గాలి శబ్దమమ్మా, అన్నిటికంటే ముందు పోయేదీ అదే, తిరిగి తెచ్చుకోవడానికి కష్టమైందీ అదే, అంది. తను గంటలకొద్దీ మైకు ముందు అన్న ఆ సల్లలన్నీ సన్నీ దగ్గరకు రానేలేదని అశ్రితకు అప్పుడు తట్టింది.

మిషన్లు వచ్చాయి. వాడి చెవులకంటే అవే పెద్దవిగా కనిపించేవి. వాడు వాటిని పీకి పారేసేవాడు, ఒకదాన్ని చప్పరించి పాడు చేశాడు కూడా. మొదటి రోజుల్లో ప్రతి చప్పుడుకూ ఏడ్చేవాడు. మిక్సీ ఆడితే ఏడుపు, గిన్నె పడితే ఏడుపు. ఇన్నాళ్లూ హాయిగా ఉన్న పిల్లగాణ్ణి పరేషాన్ చేస్తున్నారని అవ్వ తిట్టింది. తిడుతూనే తన పాత నూలు చీర చింపి, చెవులు కప్పే టోపీ కుట్టింది, మిషన్లు ఊడిపోకుండా. అది పెడితే మిషన్లు కూతపెట్టాయి. గుడ్డ మూసేస్తోంది, ఆ చోట రంధ్రాలు ఉండాలని తృప్తి ఫోన్‌లో చెప్పింది. అవ్వ అంతా విప్పి మళ్లీ కుట్టింది.

ఇంతలో ఊళ్లో ఇంకో కథ పుట్టింది. యూనివర్సిటీవాళ్లు గదిలో పెట్టి పెద్ద శబ్దాలు వినిపించారట, దాంతో మధుసూదన్ మనవడి చెవులు పోయాయట. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అశ్రిత అంగన్‌వాడీకి వెళ్తే తల్లులు పిల్లల్ని చంకనెత్తుకుని పక్కకు తప్పుకున్నారు. వస్తామన్నవాళ్లు ఫోన్ ఎత్తలేదు. లాల్‌గడి మలక్‌పేట్ నుంచే కాదు, శామీర్‌పేట నుంచి కూడా రావడం ఆగిపోయింది. ల్యాబ్‌లో గది ఖాళీగా ఉండిపోయింది. అశ్రిత పని మానేస్తానని సార్‌తో అంది.  ఈ పుకారు మన మీద పుట్టడం న్యాయమే, గదిలో ఏం చేస్తామో మనం తల్లులకు సరిగ్గా చూపించలేదు, అన్నాడాయన.

ఇది పద్మలతకు తెలిసింది. మరుసటి వారం ఆమె సన్నీకి టోపీ పెట్టి, ఎవరికీ చెప్పకుండా అంగన్‌వాడీకి వెళ్లింది. వజ్రమ్మ కుర్చీ వేస్తే వద్దని తల్లుల మధ్య చాప మీదే కూర్చుంది. టోపీ విప్పి, మిషన్లు తీసి అందరి చేతికీ ఇచ్చింది. అశ్రిత వచ్చేసరికి అవి చేతులు మారుతున్నాయి.

“మా పిల్లగాని చెవులు ఆ గదిల పోలె. పుట్టుకతోనే గట్ల ఉండె. నాకు సూడరాలె. ఆ గదికి పోయినంక నాకు ఎరుకైంది” అంది పద్మలత. ఇంకా అంది, “మీరు ఇంటికి పోయినంక పిల్లల ఎన్క నిలబడి ఒక్కసారి పిలువుండ్రి. మీ మొఖం వాళ్లకు కనబడొద్దు. గంతే.”

 ఒకామె మిషన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, ఇది కూత పెడుతోందేంది అని అడిగింది. దానికి పద్మలత చెప్పిన వివరం చాలాసేపు సాగింది. మధ్యలో సన్నీ ఇంకో పిల్ల జడ పట్టుకుని లాగితే గొడవైంది. అట్లా మాటలు మామూలు మాటల్లోకి వచ్చాయి.

పిల్లలు ఒక్కసారిగా తిరిగి రాలేదు. ఇద్దరు వచ్చారు, తర్వాత ఇంకొందరు. ఈసారి సార్ పద్ధతి మార్చాడు. ముందు తల్లుల్ని ఖాళీ గదిలోకి పిలిచి, కోతిని చూపించి, స్పీకరు శబ్దం వాళ్లకే వినిపించేవాళ్లు. నెలకొకసారి తృప్తి వచ్చి, ఆటకు ముందే పిల్లల చెవులు చూసేది. ఆ ఏర్పాటు కోసం ఆయన యూనివర్సిటీలో ఎన్ని గదులు తిరిగాడో అశ్రితకు తెలుసు, చాలాసార్లు ఆమే వెంట వెళ్లింది.

సన్నీ వివరాలు ఆ అధ్యయనంలోంచి తీసేశారు. వినికిడి లోపం ఉన్న పిల్లల్ని లెక్కలోకి తీసుకోకూడదు. అది సరైనదే అని అశ్రితకు తెలుసు. అయినా కంప్యూటర్‌లో ఆ వరస చెరిపేసింది తనే కాబట్టి, కాసేపు మౌస్ మీద చెయ్యి పెట్టుకుని ఊరికే కూర్చుంది.

ఫలితం సార్ అనుకున్నట్టు రాలేదు. రెండూ వినే ఇళ్ల పిల్లలు తేడాను వదిలేస్తారని ఆయన అంచనా. వాళ్లు వదల్లేదు. ఒకే తీరున మాట్లాడే ఇళ్ల పిల్లలు ఎట్లా తల తిప్పారో, వీళ్లూ అట్లానే తిప్పారు. పిల్లలకు అవ్వ మాట వేరు, అమ్మ మాట వేరు అని తెలిసి, రెండింటినీ ఉంచుకుంటున్నారేమోనని హర్షిత అంది. కాదు, పెద్ద పిల్లలైతే వేరుగా ఉండేదేమోనని ఇంకొకరన్నారు. ఆ రోజంతా ల్యాబ్‌లో వాదన నడిచింది. సార్ బోర్డు మీద గీతలు గీస్తూ, ఓడిపోయినవాడిలా కాక, కొత్త ఊరికి టికెట్ దొరికినవాడిలా కనిపించాడు అశ్రితకు.

సన్నీకి ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. వారానికోసారి తృప్తి దగ్గర మాటలు నేర్పిస్తున్నారు. ఇంట్లో ఏ తెలుగు మాట్లాడాలి, పుస్తకం తెలుగా, మా తెలుగా అని పద్మలత ఆమెను అడిగింది. మీ నోటికి తేలిగ్గా వచ్చేది, రోజంతా అలవోకగా మాట్లాడగలిగేది మాట్లాడండి, వాడికి ఎక్కువ మాటలు కావాలి, అంది తృప్తి. దాంతో అవ్వకు అధికారం దొరికినట్టయింది. పొద్దున లేచింది మొదలు వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, టమాటా ధర దగ్గర్నుంచి ఎదురింటి గొడవలదాకా అన్నీ చెప్తోంది. వాడు అనే మాటలు బయటివాళ్లకు అర్థం కావు. అవ్వ మాత్రం అన్నీ అర్థమవుతున్నాయంటుంది. మధుసూదన్ ప్లాట్లు చూపించడానికి పోతూ అప్పుడప్పుడు వాడిని కారులో ఎక్కించుకుంటున్నాడు. చెవికి అదేంటని ఎవరైనా అడిగితే చెప్తున్నాడు.

అశ్రిత మూడో ఏడాదిలోకి వచ్చింది. ఈ సంవత్సరం ఒక చిన్న అధ్యయనం తనే చేయాలి. మిషన్ పెట్టుకున్న పిల్లలు మాట వినిపించినప్పుడు ముందు చెవితో పట్టుకుంటారా, తల్లి ముఖం చూసి పట్టుకుంటారా, ఎన్నాళ్లకు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారతారు అని అడగాలనుకుంటున్నానని చెప్పింది. ఒక్క సన్నీని చూస్తే అధ్యయనం కాదమ్మా అన్నాడు సార్. తెలుసు సార్, మిగతా పిల్లలు ఎక్కడున్నారో కనుక్కున్నాను అంది.

ఇప్పుడు ప్రతి గురువారం ఆమె సికింద్రాబాద్ వెళ్తోంది. తృప్తి గదిలో ఒక మూల ఆమెకు స్టూలు వేశారు. ఎన్ని ప్రశ్నలు అడుగుతుందంటే, మధ్యాహ్నం అన్నం తినేదాకా ఒక్కటీ అడగొద్దని తృప్తి షరతు పెట్టింది. డిగ్రీ అయ్యాక సైకాలజీలోనే ఉంటావా, మా వైపు వస్తావా అని కూడా అడిగింది. అశ్రిత ఇంకా తేల్చుకోలేదు. మొన్న గురువారం మౌలాలి నుంచి ఒక తల్లి పాపను తీసుకొచ్చింది. పాపకు మిషన్లు పెట్టి వారమైంది. అశ్రిత స్టూలు కాస్త ముందుకు జరుపుకుని, పాపకు కనబడేలా కూర్చుని, మీ ఇంట్లో పాపతో ఎక్కువ మాట్లాడేది ఎవరండీ అని అడగడం మొదలుపెట్టింది.